నాగా పద్దు

నాలుగేళ్ల కిందట ఒక పెళ్లిలో, భోజనాలయ్యాక కుర్చీలు దగ్గరకు లాక్కుని కబుర్లు చెప్పుకుంటుంటే, కాలేజీ నాటి స్నేహితుడొకడు నన్ను అంకుల్ టామ్ అన్నాడు. దొర చెప్పినదానికల్లా తలూపే నల్లవాడనే తిట్టు అది, ఒక అమెరికన్ నవల్లోని బానిస పేరు మీద పుట్టింది. ఆదివారం నేనింకా చర్చికి వెళ్తానని వాడికి తెలుసు. "మీ తాతల వీపు మీద కొట్టినోడొకడు. 'ఓర్చుకో, పైన నీకు ఇల్లు కట్టిస్తున్నారు' అని ఆ వీపుకి మందు రాసినోడొకడు. నన్నడిగితే ఇద్దరూ ఒక్క దొర దగ్గరే జీతం తీసుకున్నారు. నువ్వేమో ఆ రెండోవాడిచ్చిన పుస్తకం, ఆ తెల్లోడి దేవుణ్ణి పట్టుకుని ఇంకా వేళ్లాడుతున్నావు. అంకుల్ టామ్‌విరా నువ్వు" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వినట్టే ముఖం పెట్టాను.

కోపం వచ్చింది, దాచడమెందుకు. ఇంటికొచ్చాక మాత్రం ఇంకో సంగతి గుచ్చుకుంది. ఆ నవల నేను చదవలేదు. ఫోన్ చేసి అడిగితే వాడూ చదవలేదన్నాడు. చదవనివాడు తిట్టాడు, చదవనివాడు పడ్డాడు. బాగుంది వరస అనుకుని ఆ వేసవిలో 'అంకుల్ టామ్స్ కేబిన్' మొదలుపెట్టాను. వాడికి జవాబు చెప్పడానికే చదివాను. ఇప్పుడు రాస్తున్నదీ వాడికే. కాకపోతే సగం దూరం వెళ్లాక వాడి వైపూ కొంత న్యాయం ఉందని ఒప్పుకోవాల్సి వస్తుంది.

రాసినావిడ హారియెట్ బీచర్ స్టోవ్. తండ్రి పేరుమోసిన ప్రసంగీకుడు, అన్నదమ్ములు పాస్టర్లు, భర్త బైబిలు పాఠాలు చెప్పే ప్రొఫెసరు. వాక్యం వినకుండా పూట గడవని ఇల్లు. 1832 నుంచి 1850 దాకా సిన్సినాటిలో ఉంది. ఊరి ముందు ఒహాయో నది, నది అవతల కెంటకీ. ఇవతల మనిషి మనిషే, అవతల మనిషి సరుకు. 1849 కలరాలో ఆవిడ ఏడాదిన్నర కొడుకు పోయాడు. బిడ్డను లాక్కుపోతే బానిస తల్లికి ఎలా ఉంటుందో ఆ సమాధి దగ్గరే తెలిసిందని తర్వాత ఒక ఉత్తరంలో రాసుకుంది. మరుసటేడు అమెరికాలో, పారిపోయిన బానిసలను పట్టి యజమానులకు అప్పగించాలనే చట్టం వచ్చింది. ఆ పై ఏడు, 1851 జూన్‌లో, 'నేషనల్ ఎరా' అనే వారపత్రికలో ఈ కథ సీరియల్‌గా మొదలైంది. 1852 మార్చిలో పుస్తకమై, మొదటి ఏడాదే అమెరికాలో 3 లక్షల కాపీలు పోయింది.

నవలగా అది గొప్పదని నేననను. నాలుగు పేజీలకోసారి కథ ఆపేసి "తల్లీ, నీ బిడ్డే అయితే?" అని మనల్ని నిలేస్తుంది. చనిపోయే పిల్ల ఇవాంజలీన్‌ను చంపడానికి తీసుకున్న పేజీలు మన పాత సినిమాల్లో ఆఖరి రీలుకేమీ తీసిపోవు. అయినా పుస్తకం మూశాక మూడు నాలుగు చోట్లు నన్ను వదల్లేదు.

ముందు టామ్ సంగతి. నేననుకున్న టామ్ నడుం వంగిన, తల నెరిసిన ముసలాయన. పుస్తకంలో టామ్ వెడల్పు ఛాతీ ఉన్న బలిష్ఠుడు, చంటిబిడ్డ తండ్రి. యజమాని షెల్బీ కంటే ఎనిమిదేళ్లు మాత్రమే పెద్ద. ఏడాది నిండని షెల్బీని ఎనిమిదేళ్ల టామ్ చేతుల్లో పెట్టి "వీడే నీ చిన్న దొర, జాగ్రత్తగా చూసుకో" అన్నారట. ఆ బిడ్డే పెరిగి, అప్పులపాలై, తనను ఎత్తుకు తిప్పినవాణ్ణి అమ్మేశాడు. ముసలి టామ్, తలూపే టామ్ పుట్టింది నాటకాల్లో. నవల రాగానే దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు రంగస్థలం ఎక్కించారు. తెల్ల నటులు ముఖానికి మసి పూసుకుని, ఆటలూ పాటలూ కలిపి, దశాబ్దాల తరబడి ఊరూరా ఆడారు. తిట్టుగా మారింది ఆ టామే. నా స్నేహితుడికి అందిందీ ఆ మసి టామే.

అయితే వాడి తరఫున వాదించాలంటే మొదటి అధ్యాయంలోనే సాక్ష్యం దొరుకుతుంది. షెల్బీ తన బానిసను అమ్ముతూ, సరుకు నాణ్యత చెప్పినట్టు చెబుతాడు: వీణ్ణి ఒంటరిగా సిన్సినాటి పంపాను, 500 డాలర్లు పట్టుకుని తిరిగొచ్చాడు, కెనడాకు పారిపోవేమని ఎవరో అడిగితే "దొర నన్ను నమ్మాడు, ఎలా పోతాను" అన్నాడట. ఇది చదివినప్పుడు నాకూ ఒళ్లు మండింది. నమ్మకం దొరది, సొమ్ము దొరది, చివరికి నమ్మకస్తుడనే గుణం కూడా వాడు రేటు పెంచుకోవడానికే పనికొచ్చింది.

కానీ ఇంకాస్త ముందుకు పోవాలి. టామ్‌తో పాటు తన నాలుగేళ్ల కొడుకునూ అమ్మారని ఎలైజా చాటుగా వింటుంది. రాత్రికి రాత్రి బిడ్డను చంకనెత్తుకుని టామ్ గుడిసె తలుపు తడుతుంది. టామ్ భార్య క్లోయీ, నువ్వూ పో, రాకపోకలకు చీటీ ఉంది కదా అంటుంది. టామ్ ఎలైజాను ఆపడు. ఆమె వెళ్లాల్సిందే, అది ఆమె హక్కు అంటాడు. తాను మాత్రం పోనంటాడు. తను పోతే ఆ చోట ఉన్నవాళ్లందర్నీ అమ్మాల్సి వస్తుంది. నన్నొక్కణ్ణి అమ్మితే పోతుందంటే నన్నే అమ్మనీ అని, పిల్లలు పడుకున్న మంచం వైపు చూసి, కుర్చీ మీద వాలి ఏడుస్తాడు. ఇది బానిస బుద్ధా? మా ఇళ్లలో పెద్దకొడుకులు చేసింది ఇదే. చెల్లెళ్ల పెళ్లిళ్లు ఆగకూడదని ఆసామి దగ్గర పాలేరుగా కుదిరిన ప్రతివాడూ చేసింది ఇదే.

మా తాత అలా కుదిరినవాడే. ఒంగోలుకు కాస్త దూరంలో మా పల్లె. తాత వాళ్ల నాన్న తీసుకున్న బాకీ కింద తాత పాలేరు అయ్యాడు. బాకీ తీరడానికి ఎన్నేళ్లు పట్టిందో, ఎంత తీరిందో తాతకు తెలీదు, చదువు రాదు. లెక్క ఆసామి చిట్టాలో ఉండేది. పనికి రాని రోజుకి నాగా అని రాసేవాళ్లు. నాయనమ్మ మొదటి బిడ్డ పురిటి వారంలోనే పోతే తాత మూడు రోజులు పనికి వెళ్లలేదు. ఆ మూడూ నాగాలు. ఉగాదికి లెక్క చూసినప్పుడు ఆ మూడు రోజుల గింజలు కోశారు. ఇది నాయనమ్మ నాతో ఎన్నోసార్లు చెప్పింది, ఏడవకుండా, ఏదో ధర చెప్పినట్టు.

నవలలో పన్నెండో అధ్యాయం దగ్గర నేను పుస్తకం కింద పెట్టేసింది అందుకే. టామ్‌ను కొన్న హేలీ అనే బేరగాడు స్టీమరు మీద దిగువకు తీసుకుపోతుంటాడు. దారిలో లూసీ అనే అమ్మాయి పది నెలల కొడుకుతో ఎక్కుతుంది. లూయీవిల్‌లో భర్త పనిచేసే చోటికే నిన్ను వంటకు పంపుతున్నామని యజమాని చెప్పి పంపాడు. నిజానికి హేలీకి అమ్మేశాడు. లూయీవిల్ వచ్చింది, భర్త కనిపిస్తాడేమోనని ఆమె రెయిలింగ్ దగ్గరికి పరిగెత్తింది. ఆ కాస్త సేపట్లో నిద్రపోతున్న బిడ్డను హేలీ ఇంకొకడికి 45 డాలర్లకు అమ్మేశాడు. రాత్రి టామ్‌కు నీళ్లలో ఏదో పడిన చప్పుడు వినిపిస్తుంది. తెల్లారి లూసీ లేదు. హేలీ జేబులోంచి లెక్కల పుస్తకం తీసి, పోయిన ఆ దేహాన్నీ ఆత్మనూ నష్టాల కింద రాసుకుంటాడు.

అంతే. తిట్టు లేదు, కొరడా లేదు. ఒక పద్దు. నెత్తురు చూపించిన పేజీలన్నిటికన్నా నాకు ఈ పద్దే భయం పుట్టించింది.

అదే స్టీమరు మీద, కాస్త ముందు, ఇంకో ముచ్చట జరుగుతుంది. పై డెక్కు మీద ఒక పాస్టరుగారు ఆఫ్రికా జాతి దాస్యంలో ఉండటం దైవసంకల్పమని తేల్చి చెప్తాడు. "కనాను శపింపబడినవాడై తన సహోదరులకు దాసానుదాసుడగును" అని వాక్యం ఉంది కదా అంటాడు. పక్కనున్న పశువుల బేరగాడు వెటకారంగా, అయితే మనమంతా వెళ్లి నల్లవాళ్లను కొనేద్దాం పదండి, దేవుడి సంకల్పం ఎలాగూ అదేనట అంటాడు. అప్పుడు ఒక యువకుడు "మనుష్యులు మీకు ఏమి చేయవలెనని మీరు కోరుదురో ఆలాగుననే మీరును వారికి చేయుడి" అని చదివి, ఇదీ అదే గ్రంథంలో ఉంది, కనాను శాపమంత లేఖనమే ఇదీ అంటాడు. ఒకే గ్రంథం, రెండు వాక్యాలు, ఒకే పడవ. కింద సంకెళ్లలో టామ్.

ఇక్కడ నాకు తెలుగు బైబిలు గుర్తొచ్చింది. "దాసులారా, యథార్థమైన హృదయముగలవారై భయముతోను వణకుతోను క్రీస్తునకువలె, శరీరవిషయమై మీ యజమానులైనవారికి విధేయులై యుండుడి." చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో. ఏనాడూ చెవికి కటువుగా తగల్లేదు. ఎందుకంటే దాసుడనే మాట మనకు తీపి. రామదాసు, ఏసుదాసు, దాసోహం. భక్తుడు తనంతట తాను పెట్టుకునే పేరది. మా పల్లెలో సగం మంది పేర్ల చివర దాసే. అదే వాక్యాన్ని ఒకసారి "బానిసలారా" అని మొదలుపెట్టి చదివి చూశాను. నోరు తిరగలేదు. అనువదించినవాళ్లను తప్పుపట్టడం లేదు, ఆనాటి గ్రంథభాష అది. కానీ మెత్తని మాటలో చుట్టిన రాయి ఎంత కాలం చేతిలో పెట్టుకు తిరిగానో అప్పుడు తెలిసింది.

అమెరికా దొరలకు ఆ రాయి ఎంత పనికొచ్చిందో ఫ్రెడరిక్ డగ్లస్ రాశాడు. ఆయన పుట్టుబానిస, పారిపోయి బయటపడ్డవాడు. 1832లో ఆయన యజమాని థామస్ ఆల్డ్ ఒక మెథడిస్టు సభలో మారుమనసు పొందాడు. ఇక దయ పుడుతుందని డగ్లస్ ఆశపడ్డాడు. పుట్టింది క్రూరత్వానికి వాక్యబలం. కుంటి అమ్మాయిని కట్టేసి నెత్తురొచ్చేలా కొడుతూ "తన యజమానుని చిత్తమెరిగి యుండియు" జరిగించని దాసునికి "అనేకమైన దెబ్బలు తగులును" అనే వాక్యం చదివేవాడట. బైబిలు బానిసల చేతికి పోకుండా చూసినవాళ్లు కూడా ఈ దొరలే. 1831లో వర్జీనియాలో తిరుగుబాటు చేసిన నాట్ టర్నర్ స్వయంగా బోధకుడు. ఆ తర్వాత దక్షిణాది రాష్ట్రాలు నల్లవాళ్లకు చదువు చెప్పడం మీద చట్టాలు బిగించాయి. 1807లో లండన్‌లో కరీబియన్ బానిసల కోసం అచ్చువేసిన బైబిల్లో ఐగుప్తులో బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులు విడుదలైన కథే తీసేశారు. నా స్నేహితుడితో నేననేది ఇదే: ఆ పుస్తకం మత్తుమందే అయితే దాన్ని ఎందుకు కత్తిరించాల్సి వచ్చింది? ఓర్చుకోమని చెప్పే పుస్తకమే అయితే టామ్ కథను చూసి ఎందుకు వణికారు? 1857లో మేరీలాండ్‌లో శామ్యూల్ గ్రీన్ అనే స్వతంత్ర నల్ల పాస్టరుకు, ఇంట్లో ఈ నవల దొరికిందన్న నేరానికి, పదేళ్ల జైలు వేశారు.

టామ్ చివరి యజమాని సైమన్ లెగ్రీకి రెడ్ రివర్ పక్కన పత్తి తోట. టామ్‌ను మేస్త్రీ చెయ్యాలని కొన్నాడు. మేస్త్రీ అంటే తోటివాళ్లను కొట్టగలగాలి. ఒంట్లో బాగాలేని ఒక ఆడమనిషిని కొరడాతో కొట్టమంటాడు. చెప్పిన పనల్లా చేస్తూ వచ్చిన టామ్ మొదటిసారి చెయ్యనంటాడు. చావనైనా చస్తాను, ఇది మాత్రం చెయ్యను. లెగ్రీ వెంటనే లేఖనంలోకి దిగుతాడు: దాసులారా యజమానులకు విధేయులు కండి అని మీ బైబిల్లో లేదా? నీ ఈ నల్ల డొక్కలో ఉన్నదంతటికీ కలిపి నేను 1200 డాలర్లు నగదు పోయలేదా? దేహమూ ఆత్మా నువ్వు నావాడివి కాదా?

టామ్ జవాబు: "కాదు, కాదు, కాదు! నా ఆత్మ మీది కాదయ్యా. దాన్ని మీరు కొనలేదు, కొనలేరు. దాన్ని కొని, సొమ్ము చెల్లించినవాడు, దాన్ని కాచుకోగలవాడు వేరే ఉన్నాడు."

స్వేచ్ఛ, హక్కు, మానవత్వం లాంటి మాటలు ఇక్కడ ఒక్కటీ లేవని గమనించండి. కొన్నది, అమ్మింది, సొమ్ము కట్టింది. లెగ్రీకి వచ్చిన ఒకే ఒక్క భాషలోనే టామ్ జవాబిచ్చాడు. ఈ సరుకు ముందే అమ్ముడైపోయింది, మీ కాగితం చెల్లదు అన్నాడు.

ఈ జవాబు నేను అంతకుముందు విన్నాను. నాయనమ్మ పొగాకు బ్యారన్‌లో ఆకు గ్రేడింగుకు వెళ్లేది. సీజన్లో ఆదివారం కూడా రమ్మనేవాళ్లు. రానంటే మర్నాడు పని లేదనేవాళ్లు. ముప్పై ఏళ్లు దాటాక మిషన్ వాళ్ల రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న మనిషి. వాక్యం మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివేది, టామ్ చదివినట్టే. మేస్త్రీతో ఆమె అన్న మాట మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు: "ఆరు రోజులు మీయి. ఏడోది నాదైతే మీకిచ్చేదాన్నే. అది నాది కాదయ్యా." తనకు సెలవు కావాలని ఆమె అడగలేదు. అది తన చేతిలో లేదని చెప్పింది. పేదవాడు నాకిది ఇష్టం లేదంటే ఎవడూ వినడు. ఇది అమ్మే అధికారం నాకు లేదంటే కాసేపు ఆగుతాడు. విశ్వాసం నాయనమ్మకు ఇచ్చింది ఓపిక అనుకున్నాను ఇన్నాళ్లూ. ఓపిక ఆమెకు ముందే కావలసినంత ఉంది. ఆమె లోపల ఎవరూ తనఖా పెట్టుకోలేని చోటు ఒకటుందని ఆ విశ్వాసం చెప్పింది. వారంలో ఒక్క రోజంత చోటు.

మా చర్చికీ ఆ నవల నాటి గొడవకీ నేరుగా సంబంధం ఉందని కూడా ఈ చదువులోనే గుర్తుపట్టాను. 1836లో తెలుగువాళ్ల మధ్యకు వచ్చి 1840లో నెల్లూరు చేరిన మిషనరీ శామ్యూల్ డేని పంపింది బోస్టన్‌లోని బాప్టిస్టు మిషన్ బోర్డు. ఆ రోజుల్లో అది ఉత్తరాది, దక్షిణాది కలిసిన సంఘానిది. బానిసత్వం మీద ఏమీ అనకుండా ఏళ్ల తరబడి నెట్టుకొచ్చింది. నెల్లూరు మిషన్‌కు వచ్చిన డాలర్లలో పత్తిచేల డాలర్లూ కలిసే ఉంటాయి. 1844లో అలబామా బాప్టిస్టులు తాడోపేడో తేల్చమని, బానిసలున్న మనిషిని మిషనరీగా తీసుకుంటారా లేదా అని అడిగారు. బానిసలను తన ఆస్తిగా ఉంచుకుంటానని పట్టుబట్టేవాణ్ణి నియమించలేమని బోర్డు జవాబిచ్చింది. మరుసటి మే నెలలో దక్షిణాది వాళ్లు జార్జియాలోని ఆగస్టాలో కూడి వేరు కుంపటి పెట్టుకున్నారు. దానికి క్షమాపణ చెప్పడానికి వాళ్లకు 1995 దాకా పట్టింది. తెగిపోగా మిగిలిన ఉత్తరాది సగం చేతిలో ఉన్నదే మన తెలుగు మిషన్. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మందికి ఒక్కరోజే బాప్తిస్మం ఇచ్చింది ఆ మిషనే. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. మా ముత్తాతల్లో ఒకాయన ఆ లెక్కలో ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఒంగోలు చుట్టుపక్కల ఈ మాట చెప్పుకోని మాదిగ ఇల్లు అరుదులెండి, అన్ని ఇళ్లవాళ్లూ దిగుంటే ఆ రోజు గుండ్లకమ్మ గట్లు తెగేవి.

కాబట్టి, తెల్లోడి దేవుడు అని వాడన్నప్పుడు నేను అడగాల్సింది, ఏ తెల్లోడి అని. లెగ్రీ నోట్లో ఉన్నదీ టామ్ నోట్లో ఉన్నదీ ఒకే వాక్యమైనప్పుడు, తేడా వాక్యంలో దొరకదు. చదివేవాడు పద్దులో ఏ వైపు ఉన్నాడో చూసుకోవాలి.

ఇక వాడి వైపు న్యాయం. ఈ నవల్లో ఎదురుతిరిగేవాళ్లు ఎవరో చూడండి. ఎలైజా, ఆమె భర్త జార్జి హారిస్, లెగ్రీ చెరలోని కేసీ. అందరూ తెల్లతోలుకు దగ్గరివాళ్లు, సగం తెల్ల రక్తం ఉన్నవాళ్లు. జార్జికి రచయిత్రి తుపాకీ ఇచ్చింది, వెంటపడ్డ వేటగాళ్ల మీద పేల్చనిచ్చింది, చదివేవాళ్లు మెచ్చుకునేలా రాసింది. పూర్తి నల్లవాడైన టామ్‌కు మాత్రం క్షమ, ప్రార్థన, చావు. తాగి పడిపోయిన లెగ్రీని చంపెయ్యమని కేసీ గొడ్డలి చూపిస్తే, టామ్ వద్దంటాడు, ఆమెనూ ఆపుతాడు. తనను కొట్టి చంపిన ఇద్దరినీ పోతూ పోతూ క్షమిస్తాడు. ఆఫ్రికా జాతి స్వభావతః సౌమ్యమైనది, త్వరగా లోబడేది అని స్టోవ్ గొంతు మధ్యమధ్యలో వినిపిస్తుంది. మెచ్చుకుంటూ కట్టే సంకెల అది. చివరికి జార్జి కుటుంబాన్ని ఆవిడ అమెరికాలో ఉండనివ్వలేదు, ఓడెక్కించి లైబీరియా పంపేసింది. నల్ల రచయిత జేమ్స్ బాల్డ్విన్ 1949లో ఈ పుస్తకాన్ని చీల్చి చెండాడాడు. ఇంతింత కన్నీళ్లు పెట్టుకోవడం నిజాయితీ లేకపోవడానికి గుర్తు అన్నాడు. టామ్ మనిషిగా కాక బలిపశువుగా బతికాడన్న కోపం ఆయనది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. తెల్లవాడి మనసు కరగడానికి ఇంకో నల్లవాడు చచ్చి చూపించాలా?

కానీ టామ్ చావు క్షమ కోసం కాదని మాత్రం గట్టిగా అంటాను. లెగ్రీ చెర నుంచి తప్పించుకున్న కేసీ, ఎమ్మలీన్ ఎక్కడ దాక్కున్నారో అతనికి తెలుసు. తెలీదని అబద్ధమాడడు. తెలుసు, చెప్పను అంటాడు. ఆ ఇద్దరు ఆడవాళ్లు పారిపోయేదాకా ఆ దెబ్బలు తింటూ నోరు మూసుకుంటాడు. మసి టామ్ నాటకాలకు పనికొచ్చింది క్షమించిన భాగం. ఇద్దర్ని తప్పించిన భాగం ఆ మసి కిందే ఉండిపోయింది.

ఇదంతా వాడికి చెబుదామని ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాను. రాస్తూ రాస్తూ, టామ్‌కీ నాకూ పోలిక ఎక్కడుందని ఆలోచిస్తే, లేదు. నేను టామ్‌ను ఎప్పుడూ కాను, అంత ధైర్యం లేదు. లెగ్రీనీ కాను. నవల్లో నాలాంటివాడు ఇంకొకడున్నాడు.

అగస్టీన్ సెయింట్ క్లేర్. న్యూ ఆర్లీన్స్ ఆసామి, హేలీ దగ్గర టామ్‌ను కొన్నవాడు. అందగాడు, చదువుకున్నవాడు, మాటకారి. బానిసను కొట్టడు. భార్య చర్చి నుంచి వచ్చి, సమాజంలో హెచ్చుతగ్గులన్నీ దేవుడు పెట్టినవేనని పాస్టరుగారు ఎంత బాగా చెప్పారో అని మురిసిపోతే, ఈయన వెక్కిరిస్తాడు. రేపెప్పుడో పత్తి ధర శాశ్వతంగా పడిపోయి బానిసలు ఎవరికీ అక్కర్లేని సరుకైపోతే, మన బైబిలుకు ఇంకో అర్థం బయటికి రాదంటావా అని అడుగుతాడు. నూట డెబ్భై ఏళ్ల కిందటి నవల్లో ఇంతకంటే పదునైన వాక్యం నాకు కనిపించలేదు. బానిసత్వం తప్పని అతనికి తెలుసు, ఎందుకు తప్పో మనకంటే బాగా చెప్పగలడు. టామ్‌ను విడిచిపెడతానని మాటిచ్చాడు. కాగితాల పని మొదలుపెట్టాడు కూడా.

ఉత్తరాది నుంచి వచ్చిన అతని బంధువు ఒఫీలియా, వెర్మాంట్ మనిషి, చాదస్తురాలు, నల్లపిల్లను ముట్టుకోవాలంటే ఒళ్లు జలదరించే మనిషి. ఆమె మాత్రం టాప్సీ అనే పిల్లను తన పేర రాసిమ్మని అడుగుతుంది. సరే రాస్తాలే అంటాడు. ఇప్పుడే రాయమంటుంది. తొందరేముందంటాడు. నువ్వు చావొచ్చు, దివాలా తియ్యొచ్చు, అప్పుడు ఈ పిల్ల వేలానికి పోతుంది, ఇదిగో కాగితం, ఇదిగో కలం అంటుంది. విసుక్కుంటూ రాసి సంతకం పెడతాడు. టామ్ కాగితం అడిగేవాళ్లు లేరు. కొద్ది రోజులకే, ఒక కేఫ్‌లో తాగి కొట్టుకుంటున్న ఇద్దర్ని విడదీయబోయి కత్తిపోటుకు పోయాడు. టామ్ వేలానికి వెళ్లాడు. లెగ్రీ కొన్నాడు.

లెగ్రీ టామ్‌ను చంపాడని అందరూ అంటారు. టామ్‌ను లెగ్రీ దగ్గరికి పంపింది మంచివాడైన సెయింట్ క్లేర్ బద్ధకం. ఆ ఇంట్లో టాప్సీని కాపాడింది ప్రేమ కూడా కాదు, చాదస్తం.

పోయిన నెల ఇదంతా టైప్ చెయ్యడానికి కూర్చున్నప్పుడు, టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్లాను. హైదరాబాదులో మా ఫ్లాట్. ఫ్రిజ్ పక్కన కేలండరు వేలాడుతుంటుంది. పాల ప్యాకెట్ల లెక్క నీలం పెన్నుతో, పనావిడ రాని రోజులు ఎర్ర పెన్నుతో. కూతురి ప్రసవానికని ఆమె మా దగ్గర పదివేలు అడ్వాన్సు తీసుకుంది. నెలకు కొంత చొప్పున కోస్తున్నాం. పోయిన నెల ఆ బిడ్డకు బాగాలేక నిలోఫర్‌లో పెట్టుకుని ఐదు రోజులు రాలేదు. కేలండరులో ఐదు ఎర్ర ఇంటూలు వరసగా ఉన్నాయి. చూస్తే అవి మా ఆవిడ పెట్టినవి కావు. నా పెన్ను, నా చెయ్యి.

ఆ ఐదు రోజులకీ డబ్బులు కోయొద్దని ఇంట్లో చెప్పాలి. అడ్వాన్సు సంగతీ మాట్లాడాలి. ఆ రాత్రి మా ఆవిడ అప్పటికే పడుకుంది. పొద్దున చెబుదామనుకున్నాను.